అప్‌డేట్: ఆ ఎర్ర బిళ్ళ క్వీన్ మేరీ షిప్‌దే

ఇక్కడ కాలిఫోర్నియాలో మా పక్కింటి పెద్దాయన వాళ్ళ నాన్నగారి ఆర్మీ పెట్టెలో ఒక ఎర్ర బిళ్ళ దొరికింది, ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో ఏ ఓడలో వెళ్ళారో దాన్నిబట్టి చెప్పగలరా అని ఇంతకుముందు అడిగాను కదా, తేలిపోయింది: సైనికుల్ని చేరవేసిన బ్రిటిష్ ప్రయాణికుల ఓడ క్వీన్ మేరీ. హెల్ప్ చేసినవాళ్ళందరికీ చాలా థాంక్స్ అండీ.

ఓడ తేలింది బిళ్ళని బట్టి కాదు, నాన్నగారి ఆర్మీ యూనిట్ రికార్డుల్లో ప్రయాణం తేదీ చూడమన్న సలహానే పనిచేసింది. ఆర్కైవ్స్ ఆవిడ వెతికిపెట్టారు, 1943 జులై 25న న్యూయార్క్‌లో ఎక్కి 30న స్కాట్లాండ్‌లోని గౌరాక్‌లో దిగారట. అంటే క్వీన్ మేరీ ఒకే ట్రిప్‌లో 16,683 మందిని మోసిన రికార్డు ప్రయాణం అదే! అందులో 15,740 మంది సైనికులే, మిగతా 943 మంది సిబ్బంది.

బిళ్ళ సంగతేంటంటే షిప్‌ని ఎరుపు, తెలుపు, నీలం అని మూడు భాగాలు చేసి ఎవరి రంగు బిళ్ళ వాళ్ళకి ఇచ్చేవాళ్ళు, ఆ భాగం దాటి తిరగనిచ్చేవాళ్ళు కాదు, అంత జనం ఒకవైపుకి చేరితే ఓడ ఒరిగిపోతుందని కూడా భయం, భోజనం రోజుకి రెండుసార్లే, అదీ వంతులవారీగా. సైనికుల్ని మోసిన ఇంకో పెద్ద ఓడ క్వీన్ ఎలిజబెత్‌లోనూ ఇదే పద్ధతి కాబట్టి ఒక్క బిళ్ళతో ఓడ తేలదు.

క్వీన్ మేరీ బ్రిటిష్ యుద్ధనౌక కురసోవాని (HMS Curacoa) గుద్దిన ప్రయాణమేమో అన్నారు కొందరు, అది 1942 అక్టోబర్ 2న జరిగింది, దీనికి సంబంధం లేదు.

పెద్దాయనకి చెప్తే బిళ్ళని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.