కారు ముందు అద్దానికి జీపీఎస్, ఫోన్ హోల్డర్ అంటిస్తే ఫైన్ వేస్తారా? (బెంగళూరు)

మడివాళ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్తే. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో కారు తీసుకున్నాను. స్క్రీన్ లేని పాత మోడల్. రోజూ మారతహళ్లి వైపు ఆఫీసు, వీలైనప్పుడల్లా హిందూపురం. దారి చూసుకోవడానికి ఫోన్ ఎక్కడో ఒకచోట పెట్టాలి. మా బావ అమెరికా నుంచి వస్తూ తను వాడిన జీపీఎస్ పరికరం కూడా ఇచ్చాడు. ఐదంగుళాల స్క్రీన్, దాని వెనకవైపు అద్దానికి అతుక్కునే రబ్బరు కప్పు.

జె.సి.రోడ్డులో ఒక షాపులో అడిగితే "ముందు అద్దానికి ఏది అంటించినా ఐదు వేలు ఫైన్" అంటూ డ్యాష్‌బోర్డు మీద పెట్టే హోల్డర్ చూపించారు. ఇంకోపక్క మా ఫ్యామిలీ గ్రూపులో "డ్రైవర్ వైపు ఐదంగుళాలు, అవతలి వైపు ఏడంగుళాలు దాటకూడదు, కొత్త రూల్" అని మెసేజ్ తిరుగుతోంది. ఇందులో ఏది నిజం? డ్యాష్‌క్యామ్ కూడా పెట్టించాలని ఉంది. బండి ఏపీ నంబర్‌ది, దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

హెబ్బాళ నుంచి:

నాది అద్దానికే ఉంది. ఇంతవరకు ఎవరూ ఆపలేదు, అడగలేదు. ఫోన్ చేతిలో పట్టుకుంటే మాత్రం వదలరు, కెమెరాలోనైనా పడతారు.

మల్లేశ్వరం నుంచి:

తమ్ముడూ, నేను మోటారు వాహనాల కేసులు చూసే వకీలుని. మీ దగ్గరికి మూడు వేర్వేరు సంగతులు కలగాపులగంగా వచ్చాయి. ఒక్కొక్కటే చెబుతాను.

ముందుగా ఆ అంగుళాల లెక్క. అది మన దేశపు రూల్ కాదు, కాలిఫోర్నియాది. అక్కడి వాహన కోడ్‌లో 26708 అనే సెక్షన్ ఉంది. ముందు అద్దం మీద అసలేమీ పెట్టకూడదన్నది వాళ్ల మూల నియమం. 2009 నుంచి జీపీఎస్‌కి మినహాయింపు ఇచ్చారు: కింది మూలల్లో, డ్రైవర్‌కి దూరంగా ఉండే మూలలో ఏడంగుళాల చదరం, డ్రైవర్ దగ్గరి మూలలో ఐదంగుళాల చదరం, అదీ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోటు వదిలిపెట్టి. మీ బావగారికి అక్కడ అది వర్తించింది. ఆ మెసేజ్‌ని ఎవరో తెలుగు చేసి "కొత్త రూల్" అని తగిలించి వదిలారు.

మన దగ్గర చూడాల్సినవి 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నియమాలు, 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్. జీపీఎస్‌నో ఫోన్ హోల్డర్‌నో అద్దం మీద ఫలానా మూలలో, ఫలానా సైజులోనే పెట్టాలనే కొలత వీటిలో లేదు. చట్టం అడిగేవి రెండే. మీ చూపుకి అడ్డం వస్తోందా? ఆ వస్తువు మీ చేతిలో ఉందా?

చూపు సంగతి 2017 రెగ్యులేషన్స్‌లో ఉంది. బండిలోని మనుషులు, సామాను, పరికరాల వల్ల డ్రైవర్ చూపుకి గాని వినికిడికి గాని ఆటంకం రాకుండా చూసుకునే బాధ్యత డ్రైవర్‌దే. నడుపుతూ వీడియోలు చూడకూడదని కూడా అందులోనే ఉంది, దారి చూసుకోవడానికి అవసరమైనంత వరకే మినహాయింపు. ఈ రెగ్యులేషన్స్ మీరితే 177ఏ సెక్షన్ కింద 500 నుంచి 1,000 రూపాయల వరకు జరిమానా.

చేతి సంగతి 184 సెక్షన్‌లో ఉంది. 2019 సవరణలో, చేత్తో పట్టుకునే ఫోన్‌ లాంటివి వాడుతూ నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారి 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానాయే 10,000. మీ షాపాయన చెప్పిన "ఐదు వేలు" ఇక్కడిదే అయి ఉంటుంది. హోల్డర్‌కి కాదు, చేతిలో ఫోన్‌కి. ఆ తర్వాత 2020 అక్టోబర్ 1 నుంచి కేంద్ర నియమాల్లో ఇంకో మాట చేరింది: డ్రైవింగ్‌లో అలాంటి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరని విధంగా వాడాలి. అంటే హోల్డర్‌లో మ్యాప్ పెట్టుకోవడాన్ని చట్టం ఒప్పుకుంటోంది. అదే హోల్డర్‌లో క్రికెట్ మ్యాచ్ పెడితే ఒప్పుకోదు.

"అద్దానికి ఏదీ అంటించకూడదు" అనే భయానికి ఇంకో మూలం ఉంది, సన్ ఫిల్మ్. 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు పీకించమన్నప్పుడు ఊరూరా జరిగిన తనిఖీలు చాలామందికి గుర్తే. అది అద్దం మీద పరిచే ఫిల్మ్ గొడవ. రబ్బరు కప్పు హోల్డర్‌కి దానితో సంబంధం లేదు.

ఏపీ నంబర్ వల్ల ఈ విషయంలో తేడా రాదు, చట్టం దేశమంతటికీ ఒకటే. అక్కడికక్కడ కట్టే మొత్తాన్ని మాత్రం 200 సెక్షన్ కింద ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది, మీరు దొరికిన చోటి లెక్కే మీకు. ఇంకోటి, బండి ఏడాదికి మించి కర్ణాటకలోనే ఉంటే 47 సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబర్ తీసుకోవాలి. హోల్డర్ కంటే మీరు ముందు ఆలోచించాల్సింది అది.

మడివాళ నుంచి:

చాలా థ్యాంక్స్ సార్. అయితే ఎక్కడ పెట్టమంటారు? కుడివైపు మూలలో పెడితే చేతికి దగ్గరగా ఉంటుంది కదా?

మల్లేశ్వరం నుంచి:

ఆ మూల మాత్రం వద్దు. ముందు అద్దానికి, మీ తలుపుకి మధ్య ఉండే స్తంభం ఇప్పటికే కొంత రోడ్డుని దాచేస్తుంది. దాని పక్కనే ఫోన్ పెడితే ఆ అడ్డు ఇంకా వెడల్పు అవుతుంది. సిగ్నల్ దగ్గర కుడివైపు తిరుగుతున్నప్పుడు, రోడ్డు దాటుతున్న మనిషి సరిగ్గా ఆ అడ్డు వెనకే నడుస్తుంటాడు. మీ బండి తిరిగే వేగం, ఆయన నడక కలిసిపోతే చివరిదాకా కనపడడు. ఇలాంటి కేసుల ఫైళ్లు చదివాకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక పని చేయండి. బండిని ఖాళీ చోట ఆపి, మీరు రోజూ కూర్చునే ఎత్తులోనే సీటులో కూర్చోండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని బండి ముందు కుడి మూల నుంచి ఎడమ మూలకి మెల్లగా నడవమనండి. హోల్డర్ వల్ల వాళ్ల తల గాని కాళ్లు గాని ఎక్కడైనా మాయమైతే ఆ చోటు పనికిరాదు. నా సలహా అడిగితే, అద్దం కింది అంచున మధ్యలో, ఫోన్ పై అంచు బానెట్ గీత దాటకుండా. లేదా మధ్య ఏసీ వెంట్‌కి క్లిప్.

డ్యాష్‌బోర్డు మీద పెట్టమన్న షాపాయన మాట విని ఎడమవైపు మూత మీద అతికించకండి. అక్కడ "ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్" అని అచ్చు ఉందేమో చూడండి. ఉంటే అది ఎయిర్‌బ్యాగ్ మూత. గుద్దుకున్న క్షణంలో అది పైకి లేస్తే, దాని మీదున్న హోల్డర్ నేరుగా పక్క సీటులో ఉన్నవాళ్ల ముఖానికి వస్తుంది. అంటే చట్టం దేని గురించీ మాట్లాడకపోయినా అద్దం కంటే డ్యాష్‌బోర్డే ప్రమాదం కావచ్చు.

కె.ఆర్.పురం నుంచి:

అన్నా, నేను క్యాబ్ నడుపుతాను. పొద్దున్నుంచి రాత్రి దాకా హోల్డర్‌తోనే పని. రబ్బరు కప్పు పెట్టేముందు అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాక నొక్కండి. దుమ్ము ఉంటే నిలవదు. బండి ఎండలో పెడితే మధ్యాహ్నానికి కప్పు ఊడి పడుతుంది, నడుపుతున్నప్పుడు ఊడితే చెయ్యి దానికోసం పోతుంది, అది మంచిది కాదు. అందుకే బండి ఆపినప్పుడు తీసి పెట్టుకోండి. ఎండాకాలం అద్దం మీద ఫోన్ వేడెక్కి స్క్రీన్ ఆరిపోతుంది, ఏసీ వెంట్ దగ్గరైతే ఆ బాధ లేదు.

ఇంకొకటి, మా పసుపు బోర్డు బండ్లకి జీపీఎస్ అంటే వేరే. 125హెచ్ నియమం కింద, ఏఐఎస్ 140 ప్రమాణం ఉన్న ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ తప్పనిసరి. 2019 జనవరి 1 నుంచి రిజిస్టర్ అయ్యే బండ్లకి వచ్చింది. అది దారి చూపించదు, బండి ఎక్కడుందో చెబుతుంది. మీది సొంత బండి కాబట్టి అది అక్కర్లేదు. ఎవరైనా "జీపీఎస్ కంపల్సరీ" అని అమ్మజూపితే కొనకండి.

బొమ్మనహళ్లి నుంచి:

ఫాస్టాగ్ గురించి ఎవరూ చెప్పలేదు. అద్దం మీద అది తప్పకుండా ఉండాలి. లోపలివైపు, పైన మధ్యలో, వెనక చూసే అద్దం దగ్గర అతికించాలి. ట్యాగ్ అద్దానికి అతికించకుండా చేత్తో చూపిస్తే రెట్టింపు టోల్ వసూలు చేయాలని జాతీయ రహదారుల సంస్థ 2024 జులైలో చెప్పింది. మీరు హిందూపురం వెళ్లేటప్పుడు బాగేపల్లి టోల్ దాటాల్సి వస్తే ఇది గుర్తుపెట్టుకోండి. డ్యాష్‌క్యామ్ కూడా ఆ చోటే అడుగుతుంది కాబట్టి ముందు ట్యాగ్, దాని పక్కన కొంచెం ఎడంగా క్యామ్. ట్యాగ్ మీద క్యామ్ బిగించవద్దు.

మల్లేశ్వరం నుంచి:

అక్క చెప్పింది సరైన మాట. డ్యాష్‌క్యామ్‌ని వెనక చూసే అద్దం చాటున, ఎడమవైపు బిగిస్తే డ్రైవర్ కంటికి కనపడదు, చూపుకి అడ్డమూ కాదు. వైపర్ తుడిచే చోటులోనే ఉండాలి, లేకపోతే వానలో రికార్డింగ్ మసకబారుతుంది. వైరు పై అంచు రబ్బరులోకి దూర్చి దింపమనండి, వేలాడనివ్వకండి.

మడివాళ నుంచి:

సార్, చివరిగా రెండు. సిల్క్ బోర్డ్ దగ్గర చాలాసేపు ఆగిపోతాం, అప్పుడు ఫోన్ తీసి లొకేషన్ మార్చుకోవచ్చా? ఎవరైనా హోల్డర్‌కి ఫైన్ వేస్తే ఏం చేయాలి?

మల్లేశ్వరం నుంచి:

సిగ్నల్‌లో ఆగారు కాబట్టి డ్రైవింగ్ ఆగినట్టే అనుకోకండి. ఫోన్ హోల్డర్‌లోంచి చేతికి వచ్చిందంటే కెమెరాకి అది చేతిలో ఫోనే. 2021లో తెచ్చిన 167ఏ నియమం ప్రకారం, కెమెరా ఆధారంగా చలాన్ వేయదగ్గ తప్పుల్లో ఇదీ ఉంది. బయల్దేరే ముందే లొకేషన్ పెట్టుకోండి, మధ్యలో మార్చాలంటే నోటితో చెప్పండి, లేదా పక్కకి ఆపండి.

ఫైన్ వేస్తే అక్కడ వాదించకుండా, ఏ సెక్షన్ కింద వేస్తున్నారో మర్యాదగా అడిగి చలాన్ తీసుకోండి. 184 అని ఉండి, ఫోన్ హోల్డర్‌లోనే ఉందంటే అది నిలవాల్సిన కేసు కాదు. అప్పుడే బండి పక్కన ఆపి, సీటులో కూర్చున్న కంటి ఎత్తు నుంచి అద్దం, హోల్డర్, ముందు రోడ్డు కలిసి వచ్చేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కెమెరా చలాన్ అయితే తప్పు జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు రావాలి, అందులో ఫొటో ఉంటుంది. పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్‌తో చూసుకుని, అందులోనే ఫిర్యాదు పెట్టవచ్చు. కట్టేశాక ఆ కేసు ముగిసిపోతుంది కాబట్టి, అభ్యంతరం ఉంటే కట్టకముందే చెప్పాలి.

ఇక బావగారిచ్చిన పరికరం, అందులో భారతదేశం మ్యాప్ వేయించగలిగితేనే వాడండి. లేకపోతే ఫోన్ చాలు.