గోవా: పదిమంది మోపాలో, నలుగురు దబోలింలో దిగుతున్నాం. సామాన్లతో వార్కా రిసార్టుకి చేరేదెలా?

తెనాలి కోడలు

అందరికీ నమస్కారం. నవంబరు రెండో వారంలో గోవా వెళ్తున్నాం. మామయ్యగారికి డెబ్భై నిండాయి. భీమరథ శాంతి తెనాలిలోనే చేయించాం. ఆ తర్వాత నాలుగు రోజులు పిల్లలందరితో కలిసి సముద్రం ఒడ్డున గడపాలని అత్తయ్యగారి కోరిక. ఆరేళ్లుగా అందరం ఒక్కచోట కలిసింది లేదు. అందుకే ఈ ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా జరగాలని నా తాపత్రయం.

రిసార్టు దక్షిణ గోవాలో, వార్కా బీచ్ పక్కన. మొత్తం 14 మందిమి. హైదరాబాద్ నుంచి పదిమంది: అత్తయ్యగారు, మామయ్యగారు, మావారి మేనత్త (నేను పెద్దమ్మ అంటాను, 78 ఏళ్లు), మేం నలుగురం, డాలస్ నుంచి వస్తున్న మా ఆడపడుచు, అన్నయ్యగారు, వాళ్ల మూడేళ్ల పాప. బెంగళూరు నుంచి మా మరిది, తోడికోడలు, ఇద్దరు పిల్లలు.

టికెట్లు మూడు నెలల కిందట ఎవరికి వాళ్లు తీసేశారు. రెండింటి మీదా గోవా అనే ఉంది కదా అని ఎవరం పట్టించుకోలేదు. మొన్న ప్రింట్లు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే మాది మోపా ఎయిర్‌పోర్టు, వాళ్లది దబోలిం ఎయిర్‌పోర్టు! మాది ఉదయం 11:40కి దిగుతుంది, వాళ్లది మధ్యాహ్నం 2:30కి.

సామాన్లు చెబుతాను. మా పదిమందికి పెద్ద పెట్టెలు ఎనిమిది, చేతి సంచులు ఏడు, పెద్దమ్మ మడత వీల్‌చైర్, పాప స్ట్రోలర్, ఇంకా అత్తయ్యగారు వదలనంటున్న ఒక అట్టపెట్టె (అరిసెలు, జంతికలు, కందిపొడి, ఆవకాయ). మరిది వాళ్లవి మూడు పెట్టెలు.

ఒక ట్రావెల్స్ వాళ్లు 17 సీట్ల టెంపో ట్రావెలర్ 8,500కి ఇస్తామన్నారు. మోపాలో మమ్మల్ని ఎక్కించుకుని, దబోలిం వెళ్లి మరిది వాళ్ల కోసం ఆగి, అందర్నీ వార్కాలో దించుతారట. 14 మందికి 17 సీట్లు, ఇంకేం కావాలి అంటారు మావారు. నాకెందుకో మనసు ఒప్పుకోవడం లేదు. పెద్దమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, అంతసేపు బండిలో కూర్చోగలరా అని టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ఓలా, ఊబర్ గోవాలో నడవవు అంటున్నారు, నిజమేనా?

చార్మినార్ 88

నిజమేనండీ, ఆ రెండూ లేవు. గోవామైల్స్ అనే యాప్ ఉంది. రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్లు ఉంటాయి. వార్కాకి దబోలిం నుంచి సుమారు 30 కిలోమీటర్లు, మోపా నుంచి 80కి దగ్గర. హైదరాబాద్ నుంచి దబోలింకి కూడా విమానాలున్నాయి కదా, మార్చుకునే వీలుందేమో చూశారా?

తెనాలి కోడలు

చూశామండీ. పదిమందికి మార్చాలంటే దాదాపు కొత్త టికెట్లు కొన్నంత అవుతోంది. మోపానే ఖాయం.

ఓరుగల్లు నాన్న

అమ్మా, నీ మనసు ఒప్పుకోకపోవడమే సరైనది. మా పెద్దబ్బాయి జువారీనగర్‌లో బిట్స్ క్యాంపస్‌లో చదివాడు, 2019 నుంచి 2023 దాకా. ఆ క్యాంపస్ దబోలింకి పక్కనే. మధ్యలో కరోనా వచ్చినా నేను ఆ దారిలో చాలాసార్లు తిరిగాను. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు దారి సంగతి. మోపా గోవాకి ఉత్తరం కొసన, పెర్నెం తాలూకాలో ఉంది. 2023 జనవరి 5న అది మొదలైన రోజు మొట్టమొదట దిగింది మన హైదరాబాద్ విమానమే. అప్పటినుంచి మనవాళ్లు చాలామంది గోవా అని చూసి టికెట్ కొనేసి, ఏ ఎయిర్‌పోర్టో తర్వాత చూసుకుంటున్నారు. టికెట్ మీద మోపాకి జీఓఎక్స్ అనీ, దబోలింకి జీఓఐ అనీ ఉంటుంది. ఆ చివరి అక్షరం ఒక్కటే తేడా. మీరు ముందే చూసుకోవడం మంచిదైంది.

మోపా నుంచి వార్కా వెళ్లాలంటే మపుసా, పణజి దాటి, జువారీ నది మీద వంతెన దాటాలి. అవతలి ఒడ్డు కోర్టాలిం. అక్కడినుంచి హైవే వెర్ణా మీదుగా నేరుగా మడగాం వైపు పోతుంది, వార్కాకి అదే దారి. దబోలిం ఆ దారిలో లేదు, కోర్టాలిం దగ్గర కుడివైపు తిరిగి సుమారు 12 కిలోమీటర్లు పోవాలి, మళ్లీ వెనక్కి రావాలి. మీరు పెట్టెలు తీసుకుని బయటపడేసరికి పన్నెండున్నర అనుకో. కోర్టాలిం చేరేది రెండింటికి. మరిది వాళ్లు సామాన్లతో బయటికి వచ్చేసరికి మూడు దాటుతుంది. అంటే ఎనభై కిలోమీటర్లు ప్రయాణం చేయాల్సిన పెద్దావిడ ఇంకో గంట బండిలో కూర్చుని ఎదురుచూడాలి, మూడేళ్ల పాప కూడా. అదీ వాళ్ల విమానం సమయానికి వస్తే!

దబోలిం దగ్గర కలవాలన్న ఆలోచన పూర్తిగా వదిలేయండి. కలిసేది రిసార్టులో. మరిది వాళ్లు నలుగురు, మూడు పెట్టెలు: కౌంటర్లో ఒక ఇన్నోవా తీసుకుంటే గంటలో వార్కాలో ఉంటారు. ఎర్టిగా వచ్చినా వెనక వరుస మడిస్తే పడతాయి.

ఇక మీ పదిమంది సంగతి. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. అబ్బాయి చదువు పూర్తయినప్పుడు ఆగస్టు వానల్లో మా బంధువులం పన్నెండు మందిమి వెళ్లాం. దబోలింలో దిగి కోల్వాలో ఒక రిసార్టుకి. పన్నెండు మందికి పన్నెండు సీట్ల బండి చెప్పాను. బండి సరిగ్గా పన్నెండు సీట్లదే వచ్చింది. అందరం కూర్చున్నాక చూస్తే పదకొండు పెట్టెలు రోడ్డు మీదే ఉన్నాయి. వెనక తలుపు తీస్తే సీటుకీ తలుపుకీ మధ్య జానెడు చోటు, అందులో స్టెప్నీ. పైన క్యారియర్ ఉంది, టార్పాలిన్ లేదు. కట్టిన పెట్టెలన్నీ తడిశాయి, మా చెల్లెలి పట్టుచీరలతో సహా. మిగతావి కాళ్ల మధ్య, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం.

అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. మా అమ్మకి కుడి మోకాలు ఆపరేషన్ అయింది. టెంపో ట్రావెలర్ మొదటి మెట్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మ ఎడమకాలు ఎత్తి పెట్టగలిగింది, కుడికాలి మీద బరువు వేసి లేవలేకపోయింది. చేత్తో తలుపు కడ్డీ పట్టుకుని, నుదుటి మీద చెమటతో, అందరూ చూస్తుంటే సిగ్గుపడుతూ అలాగే నిలబడిపోయింది. చివరికి నేనూ డ్రైవరూ చంకల కింద పట్టి ఎక్కించాం. ఆ రాత్రి అమ్మ అన్నం సరిగా తినలేదు. కాలు నొప్పి కన్నా అలా ఎత్తి ఎక్కించారన్న బాధ ఎక్కువ. మరుసటి రోజు మడగాం బజారులో ఒక ప్లాస్టిక్ స్టూలు కొన్నాను, అడుగు ఎత్తుది. మిగిలిన మూడు రోజులూ అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది.

కాబట్టి మోపాలో రెండు బండ్లు చెప్పండి. ఒకటి ఇన్నోవా: అత్తయ్యగారు, మామయ్యగారు, పెద్దమ్మగారు, తోడుగా మీ ఇద్దరిలో ఒకరు. పెద్దమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, కాళ్లు చాపుకోవచ్చు. మూడో వరుస మడిస్తే వీల్‌చైర్, రెండు మూడు పెట్టెలు, ఆ అరిసెల డబ్బా పడతాయి. రెండోది 12 సీట్ల టెంపో: మిగిలిన ఆరుగురు, మిగిలిన సామాను. సగం సీట్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి పెట్టెలు లోపలే పెట్టుకోవచ్చు, పైన కట్టే పని లేదు. పెద్దవాళ్ల బండి ఆగకుండా ముందు వెళ్లిపోవాలి. తప్పిపోయిన బ్యాగు కోసం వాళ్లు ఎండలో నిలబడే అవసరం రాకూడదు.

బండి మాట్లాడేటప్పుడు మనుషుల సంఖ్య చెప్పి ఊరుకోవద్దమ్మా. పెట్టెలన్నీ హాల్లో వరసగా పెట్టి ఫొటో తీసి పంపండి, వాళ్ల బండి వెనక తలుపు తీసిన ఫొటో అడగండి. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, విమానం ఆలస్యమైతే వెయిటింగ్ గంటకెంత, ఇవన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. స్టూలు మర్చిపోవద్దు.

ఇద్దరు పిల్లల తల్లి

పైన అన్నయ్యగారు చెప్పింది అక్షరాలా పాటించండి అక్కా. నేను పిల్లల సంగతి చెబుతాను. మేం వెళ్లినప్పుడు పర్వరీ దగ్గర ఫ్లైఓవర్ పని జరుగుతూ బండ్లు బారులు తీరి ఉన్నాయి, మా చిన్నాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మీ వాళ్లు బయటపడేది సరిగ్గా భోజనాల వేళకి. దారిలో చూసుకుందాం అనుకోవద్దు. పెద్దవాళ్లకి పులిహోర కట్టి తీసుకెళ్లండి. ఆవకాయ మాత్రం చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. హైదరాబాద్‌లో ఇంటి నుంచి బయల్దేరే ముందే బరువు చూసుకోండి. డాలస్ వాళ్లకి అక్కడినుంచి ఒక్కొక్కరికి రెండేసి పెట్టెలు తెచ్చుకోవడం అలవాటు, ఇక్కడి విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోలే. అవసరం లేని పెట్టెలు మీ ఇంట్లోనే ఉంచేయమనండి.

వీల్‌చైర్ సాయం ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పారా? మీ సొంత వీల్‌చైర్ ఉన్నా సరే చెప్పండి. వాళ్ల మనిషి విమానం తలుపు దగ్గరినుంచి బయట బండి దాకా తీసుకొస్తారు. రిసార్టుకి కూడా ఫోన్ చేసి, చెకిన్ టైం ఏదైనా సరే, పెద్దవాళ్లకి ఒక్క గది ముందు ఇవ్వమని అడగండి. వయసు చెప్తే చాలాచోట్ల కాదనరు.

రైలు బండి

ఈసారికి కాదు గానీ, తెనాలి పెద్దవాళ్లకి విమానమే అవసరం లేదండీ. గుంటూరు మీదుగా అమరావతి ఎక్స్‌ప్రెస్ వాస్కో దాకా వెళ్తుంది. సికింద్రాబాద్ నుంచి కూడా 2024 అక్టోబరు నుంచి వారానికి రెండు రోజులు వాస్కో రైలు నడుస్తోంది. రెండూ మడగాంలో ఆగుతాయి. అక్కడినుంచి వార్కా పది పన్నెండు కిలోమీటర్లే. కిలోల లెక్క చూసుకుంటూ కూర్చునే పని ఉండదు.

చార్మినార్ 88

ఎయిర్‌పోర్టులోనే కారు అద్దెకి తీసుకుని నడుపుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే ఒక మాట. నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలున్న కారే తీసుకోవాలి. మామూలు తెల్ల ప్లేటు సొంత కారు అద్దెకి ఇస్తే ఒప్పుకోవద్దు.

తెనాలి కోడలు

నిన్ననే తిరిగి వచ్చాం. ఎలా జరిగిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మోపాలో పెద్దమ్మ అందరికంటే ముందు బయటికి వచ్చేశారు, వీల్‌చైర్ సాయం ఉండడం వల్ల. పెట్టెల కోసం ఆగకుండా నేనూ ముగ్గురు పెద్దవాళ్లూ ఇన్నోవాలో బయల్దేరిపోయాం. మావారు వెనక ఉండి లెక్కపెట్టి తెచ్చారు. మంచిదైంది, ఎందుకంటే స్ట్రోలర్ వేరే బెల్టు మీద వచ్చి అరగంట ఆలస్యమైంది. టెంపో డ్రైవర్‌కి ముందే ఫొటో పంపాం కదా, ఆయన చివరి రెండు వరసల సీట్లు వదిలేసి పెట్టెలు నిలువుగా పేర్చి తాడు కట్టారట.

జువారీ వంతెన మీదికి వచ్చేసరికి మామయ్యగారు డ్రైవర్ని కాస్త నెమ్మదిగా పోనివ్వమన్నారు. వంతెన తీగలు ఒక్కొక్కటీ వెనక్కి పోతుంటే పెద్దమ్మ కిటికీకి ముఖం ఆనించి నదిని చూశారు. ఆవిడ తెనాలి దాటి ఇంత దూరం రావడం ఇదే మొదటిసారి. రెండున్నరకి వార్కాలో ఉన్నాం. గది ఒకటి సిద్ధంగా ఉంది. పులిహోర తిని ముగ్గురూ పడుకున్నారు. మరిది వాళ్లు నాలుగుంబావుకి వచ్చారు. అందరం కలిసి ఇసుకలోకి నడిచేసరికి ఇంకా ఎండ ఉంది.

తిరుగు ప్రయాణం గురించి ఒక్క విషయం. రిసార్టు దగ్గరినుంచి అప్పటికప్పుడు బండి దొరకడం కష్టమని అక్కడివాళ్లే చెప్పారు. అందుకని మొదటి రోజే అదే ఇన్నోవానీ టెంపోనీ వెనక్కి కూడా మాట్లాడేసుకున్నాం. మూడో రోజు టెంపోలో మంగేశి గుడికి, కవళెం శాంతాదుర్గ గుడికి వెళ్లొచ్చాం. పద్నాలుగు మందిమి ఉన్నాం కాబట్టి ఆ రోజుకి 17 సీట్ల బండి పంపమన్నాం.

ఓరుగల్లు నాన్నగారూ, స్టూలు తీసుకెళ్లాం. మంగేశి గుడి దగ్గర దిగుతుంటే సాయం చేద్దామని నేను చెయ్యి అందించాను. పెద్దమ్మ ‘నువ్వు పక్కకి జరుగు తల్లీ’ అని, స్టూలు మీద కాలు పెట్టి తనే దిగారు.