అప్‌డేట్: నాన్న బండికి బోరు పని తప్పింది

పోయిన నెల అడిగాను కదా, మా నాన్నగారి 2005 మోడల్ 100 సీసీ బండి పొద్దున్నే పదిహేను కిక్కులు కొడితే గానీ స్టార్ట్ కావడం లేదని, సిగ్నల్ దగ్గర ఆగిపోతోందని, మెకానిక్ ఏమో బోరు చేయించాల్సిందే (అంటే అరిగిన సిలిండర్‌ను లోపల కోయించి కొత్త పిస్టన్ వేయించాల్సిందే) అంటున్నాడని. పొగ నీలంగా వస్తోందా అని మీలో ఒకరు అడిగారు. ఆ ఒక్క ప్రశ్నే పని చేసింది. సిలిండర్ అరిగితే ఇంజిన్ ఆయిల్ కాలి పొగ నీలంగా వస్తుందట. పొగే లేదు, ఆయిల్ కూడా తగ్గడం లేదు. మరి బోరు ఎందుకు?

ఆదివారం స్పార్క్ ప్లగ్ విప్పాను. ఇటుక రంగులో ఉండాల్సిన మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ వెళ్తోంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, గాలిని, పెట్రోలును కలిపే కార్బురేటర్ ఇంజిన్‌కు వచ్చి కలిసే చోట క్లీనర్ స్ప్రే కొట్టగానే శబ్దం మారిపోయింది. అంటే గాలి దూరుతున్నది అక్కడే. దొరికాడు దొంగ! అక్కడ సందు మూసే రబ్బరు ఓ-రింగ్ ఎండిపోయి, గోటితో నొక్కితే పుటుక్కున విరిగింది. ఇరవై ఏళ్ల రబ్బరు మరి. విజయవాడ ఆటోనగర్‌లో కొత్తది 30 రూపాయలు. పనిలో పనిగా పైలట్ జెట్ (బండి ఆగి ఉన్నప్పుడు పెట్రోలు అందించే కార్బురేటర్‌లోని సన్నని రంధ్రం) శుభ్రం చేయించి, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు) పెట్టించాను.

ఇప్పుడు రెండో కిక్కుకే అందుకుంటోంది.

ఇక ఆర్‌సీ. 15 ఏళ్లు నిండాక 2020లో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం, ఆ గడువూ అయిపోవచ్చింది. "అమ్మేయరా" అంటుంది అమ్మ. నాన్న ఏమీ అనరు, పాత బనీను గుడ్డతో ట్యాంకు తుడుస్తూ కూర్చుంటారు. మళ్లీ రెన్యువల్‌కే వెళ్తున్నాం. ఈలోగా చైన్ సెట్ మార్చాలి.