కార్నేషన్ పూలమొక్క కొన ఒక్కసారి గిల్లితే చాలా, రెండోసారి కూడా గిల్లాలా?

మిద్దెతోట: హైదరాబాద్. అక్టోబరు మొదట్లో 10 అంగుళాల కుండీల్లో నాటిన నారు, ఇప్పుడు నవంబరు. మొక్కకు ఆరేడు జతల ఆకులున్నాయి. మొత్తం ఆరు కుండీలు. ఒక్క గిల్లుడు చాలని కొందరు, రెండోసారీ గిల్లితే పూలు రెట్టింపని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

పూలపిచ్చి: రెండుసార్లు గిల్లండి. ఇప్పుడు గిల్లితే నాలుగైదు పక్క కొమ్మలొస్తాయి. అవి నాలుగు జతల ఆకులేశాక వాటి కొనలూ తీస్తే ఎనిమిది, పది కాడలు. గిల్లకుండా వదిలితే ఒక్క కాడ పొడుగ్గా సాగి, పూత బరువుకి వాలిపోతుంది.

కణుపులెక్క: కాడల లెక్క బాగానే ఉంది, నెలల లెక్క ఏది? గిల్లిన ప్రతిసారీ పూత నెల, నెలన్నర వెనక్కి జరుగుతుంది. ఒక్కసారి గిల్లితే ఫిబ్రవరిలో పూస్తుంది. రెండోసారి అన్నిటినీ గిల్లితే పూత మార్చి చివరికో, ఏప్రిల్‌కో పోతుంది. రాత్రి 10-15 డిగ్రీల చలి కోరే మొక్క ఇది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో కాడ సన్నబడి పువ్వు రూపాయి బిళ్ళంత అవుతుంది. పది కాడలుండి ఏం లాభం?

పూలపిచ్చి: మరి ఊటీ వైపు రెండోసారి గిల్లుతారు కదండీ?

నీలిగిరి: గిల్లుతారు గానీ అన్నిటినీ కాదు. మొదట అన్ని మొక్కల కొనలూ తీస్తారు. తర్వాత వచ్చిన పక్క కొమ్మల్లో బలంగా ఉన్న రెండు మూడింటినే మళ్ళీ గిల్లుతారు. దీన్ని ఒకటిన్నర గిల్లుడు అనుకోండి. వదిలేసినవి ముందు పూస్తాయి, గిల్లినవి వెనక పూస్తాయి, కోత ఆగదు. అన్నిటినీ గిల్లితే పూలన్నీ ఒకేసారి విరగబూసి, ఆ పైన చాన్నాళ్లు ఖాళీ. పైగా అక్కడ ఏప్రిల్ కూడా చల్లగానే ఉంటుంది, ఆ పద్ధతి మైదానానికి ఉన్నదున్నట్టు పనికిరాదు.

ఎన్నిసార్లన్నదాని కంటే ఎలా గిల్లుతున్నారన్నది ముఖ్యం. కింది నుంచి ఐదారు కణుపులు వదలండి. ఉదయం పూట, ఆకు నీళ్లు పట్టి పెళుసుగా ఉన్నప్పుడు, ఒక చేత్తో కణుపు పట్టుకుని రెండో చేత్తో కొనను పక్కకి వంచితే టక్కున విరుగుతుంది. పైకి లాగితే లేత వేరు కదులుతుంది, లేదా మెత్తటి ఆకులే ఊడొచ్చి లోపలి కొన మిగిలిపోయి మళ్ళీ అదే నిలువుగా పెరుగుతుంది. కత్తెర వద్దు, ఒక మొక్క ఎండుతెగులు ఇంకోదానికి మోసుకెళ్తుంది. గాయం ఆరేదాకా పైనుంచి నీళ్లు పోయొద్దు.

పూలపిచ్చి: ఒప్పుకున్నా. కానీ కొమ్మలు తక్కువైతే బలమంతా ఒకే మొగ్గకెక్కి, దాని ఆకుపచ్చ తొడుగు పక్కకి చీలి పగులుతుందంటారు కదా?

కణుపులెక్క: మొగ్గ పగలడానికి పెద్ద కారణం పగటికీ రాత్రికీ వేడిలో భారీ తేడా. బోరాన్ అనే పోషకం లోపం ఇంకోటి. దానికి లీటరు నీళ్లకు 1 గ్రాము బోరాక్స్ కలిపి మొగ్గకు ముందే పిచికారీ చేయాలి, అంతకు మించితే ఆకు అంచులు మాడతాయి. నేరం గిల్లుడు మీద వేయకండి.

మిద్దెతోట: పక్క మొగ్గలు కూడా తీసేయాలా?

నీలిగిరి: కాడకొక్క పెద్ద పువ్వు కావాలంటే నడిమొగ్గ ఉంచి, పక్కవి బఠాణీ గింజంత అవగానే పక్కకి వంచి తీసేయండి. మరీ చిన్నప్పుడు తీస్తే మెడ విరుగుతుంది, ఆలస్యమైతే పువ్వు సైజుకి కలిసొచ్చేదేమీ ఉండదు. కాడకు చాలా పూలు పూసే గుత్తి రకమైతే తిరగేసి చేయాలి, నడిమొగ్గే తీసేయాలి. పూలు కోసేటప్పుడు కాడ కింద ఆకులున్న మూడు నాలుగు కణుపులు వదలండి. ఆకు రాలిన ముదురు కట్టె నుంచి చిగురు రావడం అరుదు.

మిద్దెతోట: అయితే నాలుగు కుండీలకు ఒక్కసారి, రెండిటికి ఒకటిన్నర చేసి చూస్తాను.

కణుపులెక్క: ఆ రెండిటికీ డిసెంబరు మూడో వారం దాటితే మాత్రం రెండో గిల్లుడు మానేయండి.