ఆకుల సీజన్‌లో ఊరి రోడ్డు మూసేయడం న్యాయమేనా?

కొండదారి:
అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, విండ్సర్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కొండల్లో పామ్‌ఫ్రెట్ అని ఒక ఊరుంది, జనం వెయ్యిమంది కూడా ఉండరు. అక్కడి స్లీపీ హాలో ఫార్మ్ ఫోటోలు, అంటే ఎర్రబడ్డ మేపుల్ చెట్లు, లోపలికి వంపు తిరిగే బాట, దిగువన ఇల్లు, ఇన్‌స్టాగ్రామ్‌లో, టిక్‌టాక్‌లో తెగ తిరిగాయి. చలికాలం ముందు ఆకులు రంగు మారే ఈ సీజన్‌లో జనం పోటెత్తారు. దాంతో 2023లో సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 15 దాకా ఆ ఇంటి మీదుగా పోయే క్లౌడ్‌ల్యాండ్ రోడ్డును బయటివాళ్లకు మూసేశారు. ఇల్లు దాని యజమానుల సొంతం, ఒప్పుకుంటా. రోడ్డు అందరిదీ కదా? ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి దొరికేదే అక్టోబరు రెండో సోమవారం సెలవుతో వచ్చే లాంగ్ వీకెండ్, అది కూడా ఆ మూడు వారాల్లోనే పడింది. ఇలా చేస్తే ఆ రంగులు అక్కడ ఇల్లున్నవాళ్లకే సొంతమన్నట్టు అయిపోతుంది.

మట్టిరోడ్డు:
అక్కడ జరిగింది కూడా చెప్పండి మరి. జనం వాకిళ్లలో, పొలాల్లో కార్లు పెట్టారు, పూలమొక్కలు తొక్కేశారు, వేరేవాళ్ల స్థలంలో మలవిసర్జన చేశారు. కాలవల్లో దిగబడ్డ కార్లను లాగించాల్సి వచ్చింది. సన్నటి కంకర రోడ్డు అది, రెండు పక్కలా కార్లు ఆగితే అంబులెన్సు ఎలా వెళ్తుంది? మన ఇంట్లో పెద్దవాళ్లకి గుండెనొప్పి వచ్చిన రోజు బయట పాతిక కార్లు ఫోటోల కోసం ఆగి ఉంటే మనం ఊరుకుంటామా?

సెప్టెంబర్ చలి:
ఇద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. అదే ఏడాది జులైలో వెర్మాంట్‌ని వరదలు ముంచేశాయి, రాజధాని మాంట్‌పీలియర్‌లో దుకాణాలు నీళ్లలో మునిగాయి. అలాంటి ఏడాది లాడ్జీలకి, హోటళ్లకి ఆకుల సీజన్ ఎంత ముఖ్యమో ఆలోచించండి. "రావద్దు" అన్న వార్త దేశమంతా పాకితే, దెబ్బ ఆ ఒక్క రోడ్డుతో ఆగదు.

పాతకాపు:
నేను మూసేయడం వైపే ఉన్నాను, కానీ నా కారణం వేరు. ఈ గొడవలో అసలు సంగతి డబ్బు ఎక్కడ పడుతోంది, భారం ఎవరి మీద పడుతోంది అన్నది. పామ్‌ఫ్రెట్‌కి ఫోటో కోసం వచ్చినవాళ్లు పడుకునేది, తినేది ఎక్కువగా పక్కనున్న వుడ్‌స్టాక్ లాంటి ఊళ్లలో, ఆ గదుల మీదా భోజనాల మీదా 9% పన్ను రాష్ట్రానికి పోతుంది. అరిగిన కంకర రోడ్డు మాత్రం పామ్‌ఫ్రెట్ బాగుచేసుకోవాలి. వెర్మాంట్‌లో కౌంటీలకి పెద్దగా పనులూ ఉండవు, నిధులూ ఉండవు, ఊళ్ల రోడ్లు ఊళ్లే చూసుకుంటాయి. కాబట్టి ఆ చిన్న ఊరి చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం గేటు. అది వాడుకున్నందుకు వాళ్లని తిట్టడం నాకు నచ్చలేదు. కొలరాడో రాష్ట్రంలో మరూన్ బెల్స్ అనే కొండల దగ్గర చూడండి, సీజన్‌లో పగటిపూట సొంత కార్లు చాలావరకు ఆపేసి, ముందే రిజర్వేషన్ చేసుకున్నవాళ్లని దిగువనున్న ఆస్పెన్ హైలాండ్స్ అనే స్కీ రిసార్టు నుంచి బస్సుల్లో పైకి తీసుకెళ్తారు. అక్కడ కొండని ఎవరికీ మూసెయ్యలేదు, కార్లనే తగ్గించారు. కానీ అది అటవీశాఖ భూమి, పక్కన ఆస్పెన్ లాంటి డబ్బున్న ఊరు. వెయ్యిమంది లేని ఊరు బస్సులు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ 9%లో కొంత ఇలాంటి ఊళ్ల రోడ్లకి తిరిగి ఇవ్వమని ముందు రాష్ట్రాన్ని అడగాలి.

కొండదారి:
పాతకాపు గారూ, పన్ను మాట నేను ఆలోచించలేదు, అది నిజమే. అయినా మూడు వారాలు పూర్తిగా మూయడం ఎక్కువే అంటాను. రంగు అన్నిచోట్లా ఒకేసారి రాదు, ఉత్తరాన, ఎత్తున్న చోట సెప్టెంబరు చివర్లో మొదలై కిందికి దిగుతుంది. శని, ఆదివారాలు మూసి, మామూలు రోజుల్లో ఒకవైపే వెళ్లనిచ్చి, కారు ఆపితే గట్టి ఫైన్ వేసి చూడొచ్చు కదా.

మట్టిరోడ్డు:
ఫైన్ రాయడానికి రోజంతా అక్కడ నిలబడేది ఎవరండీ? ఆ జీతం కూడా ఆ వెయ్యిమందే ఇవ్వాలా?