ల్యాప్‌టాప్ చచ్చిపోయింది, డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంది, డేటా వస్తుందా?

మద్దిలపాలెం నుంచి: చెల్లి ల్యాప్‌టాప్ అస్సలు ఆన్ అవ్వట్లేదు. డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, బిట్‌లాకర్ ఉంది కాబట్టి ఫార్మాట్ చేయడం తప్ప దారి లేదన్నారు. ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం అందులోనే ఉందండి, టెన్షన్‌తో అన్నం కూడా తినట్లేదు.

గాజువాక: ఫార్మాట్‌కి మాత్రం ఒప్పుకోకండి! బోర్డు పోతే డేటా పోయినట్టు కాదు. మామూలుగా బోర్డు మీదున్న టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ వల్ల డిస్క్ దానంతటదే తెరుచుకుంటుంది, ఇప్పుడది లేదు కాబట్టి 48 అంకెల రికవరీ కీ కావాలి, అంతే. ఎస్ఎస్‌డీ (డేటా ఉండే డిస్క్) తీయించి, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్క్‌ని యూఎస్‌బీతో కలిపే డబ్బాలో) పెట్టి వేరే విండోస్ సిస్టమ్‌కి కలిపితే కీ అడుగుతుంది. ఆ కీ చాలావరకు ఆమె మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూడండి. నాలుగైదు కీలు కనిపిస్తే స్క్రీన్ మీద చూపించే కీ ఐడీతో సరిపోల్చుకోండి.

సీతమ్మధార: కాలేజీ అకౌంట్‌తో వాడుంటే కీ వాళ్ల ఐటీ విభాగం దగ్గర ఉండొచ్చు, అడగండి. కీ లేకుండా క్రాక్ చేస్తామనేవాళ్లకి రూపాయి కూడా ఇవ్వొద్దు, అది జరిగే పని కాదు. కొన్ని మోడళ్లలో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అలాగైతే ముందు బోర్డే బాగుచేయించాలి.

మద్దిలపాలెం నుంచి: కీ అకౌంట్‌లో కనిపించింది అన్నా! ఎస్ఎస్‌డీ విడిగానే ఉందట, ఎన్‌క్లోజర్ కొనడానికి వెళ్తున్నా.