హోల్, ఎంటైర్, ఫుల్, కంప్లీట్: అన్నిటికీ ‘పూర్తి’ సరిపోతుందా?

దివితీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రాత్రి గురించి మా తాతగారు చెప్పగా రాసిపెట్టుకున్న జ్ఞాపకాలను, అమెరికాలో పెరుగుతున్న మా పిల్లల కోసం ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. “ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి” అన్న ఆయన మాటను ‘ఆల్ ద విలేజెస్’ అని రాశాను. అది చదివిన మా అమ్మాయి, “అయితే ఒక్క ఊరూ మిగలలేదా, మరి ముత్తాతగారి ఊరెలా మిగిలింది?” అని అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. నిఘంటువు తెరిస్తే హోల్, ఎంటైర్, కంప్లీట్, టోటల్ అన్నిటికీ పూర్తి, మొత్తం, సంపూర్ణం అనే అర్థాలే తిరిగి తిరిగి కనిపిస్తున్నాయి. “మూడు రోజులూ చెట్టు మీదే ఉన్నాం”, “బియ్యమంతా తడిసిపోయింది”, “బురదలో కాగు ఒక్కటి చెక్కుచెదరకుండా దొరికింది” అనే వాక్యాల దగ్గర కూడా ఇలాగే ఆగిపోయాను. వీటిలో ఏది ఎక్కడ వాడాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

అనువాదపు బల్ల

దివితీరం గారూ, మీ అమ్మాయి సరైన చోటే పట్టుకున్నారు. ‘ఆల్ ద విలేజెస్’ అంటే ఊళ్లన్నీ, అంటే లెక్కలో ఉన్న ఊళ్లలో ఒక్కటీ మినహాయింపు లేదని అర్థం. తాతగారు అన్నది అది కాదు. ఎన్ని ఊళ్లు పోయాయో ఆయన లెక్క చెప్పడం లేదు. పోయిన ఊరు ఇల్లూ వాకిలీ, గొడ్డూ గోదాతో సహా ఆనవాలు లేకుండా పోయిందని, అలాంటివి ఒకటి కాదు, అనేకం ఉన్నాయని చెబుతున్నారు. ఇంగ్లీషులో సరిగ్గా దీనికే ‘ద’ లేకుండా బహువచనంతో ‘హోల్ విలేజెస్’ అనీ, ‘ఎంటైర్ విలేజెస్’ అనీ రాస్తారు. మనం మాటను రెట్టించి సాధించే అర్థాన్ని వాళ్లు ఆ ఒక్క విశేషణంతో, ‘ద’ను వదిలేసి సాధిస్తారు. నా అనువాద జీవితంలో ‘ఊళ్లకు ఊళ్లే’ అన్న పలుకుబడికి ఇంత చక్కగా అతికే ఇంగ్లీషు రూపం దొరికినందుకు ఎంతో సంతోషించాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక మన ‘అంతా’ దగ్గర జాగ్రత్త అవసరం. ‘ఊరంతా’ అన్నప్పుడు ‘ద హోల్ విలేజ్’ అనవచ్చు. కానీ ‘బియ్యమంతా’ అన్నప్పుడు ‘ఆల్ ద రైస్’ అనే అనాలి, ఎందుకంటే విడిగా ఒకటీ రెండూ అని లెక్కపెట్టడానికి వీలులేని పదార్థాలకు హోల్ సాధారణంగా అతకదు. ఇక్కడ ‘హోల్ రైస్’ అని రాస్తే, చదివేవారికి గింజ విరగని బియ్యమో, తవుడు తీయని బియ్యమో గుర్తుకు వస్తుంది.

మూడు రోజుల సంగతి: ఏ మూడు రోజులో పాఠకుడికి ముందే తెలిసి ఉంటే ‘ఆల్ త్రీ డేస్’ సరిపోతుంది. అంతకాలం ఎలా గడిపామన్న వేదన వినిపించాలంటే ‘త్రీ హోల్ డేస్’ అని రాయండి.

వంటింటి నిఘంటువు

పై వివరణకు చిన్న చేర్పు. హోల్ అనే మాటకు ఎదురుగా ఏముందో చూసుకుంటే నాకు చాలా సందేహాలు తీరాయి. ఇక్కడి దుకాణంలో పొట్లం మీద ‘హోల్ మూంగ్’ అని ఉంటే అవి పెసలు; బద్దలు చేస్తే పెసరపప్పు. మినుములు, మినప్పప్పు కూడా అంతే. మనకు ఆ రెంటికీ వేర్వేరు పేర్లే ఉన్నాయి గనుక ‘పూర్తి పెసలు’ అని ఎవరూ అనరు. అంటే హోల్‌కు ఎదురు విరిగినది, ఫుల్‌కు ఎదురు ఖాళీ, కంప్లీట్‌కు ఎదురు ఏదో ఒక భాగం కొరవడినది.

పాల దగ్గర మాత్రం దేశాన్ని బట్టి మాట మారుతుంది. అమెరికాలో ‘హోల్ మిల్క్’ అంటే కనీసం 3.25 శాతం వెన్న ఉండాలి. మన దేశంలో ‘ఫుల్ క్రీమ్’ అని అమ్మే పాలలో కనీసం 6 శాతం ఉండాలి. రెండూ ఒకటే అనుకుని పాయసం కాస్తే చిక్కదనంలో తేడా తెలిసిపోతుంది.

లెక్కల పంతులు

బడిలో నేను రోజూ వాడే మాటల్లోనే ఈ చిక్కు ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ‘హోల్ నంబర్స్’ పూర్ణాంకాలు, ‘ఇంటిజర్స్’ పూర్ణసంఖ్యలు. ఒకే ‘పూర్ణ’ రెండు చోట్లా ఉండటంతో పిల్లలు ప్రతి సంవత్సరం తికమకపడతారు. మూలాలు చూస్తే మాత్రం రెండూ వేరు. ఇంటిజర్ అనే లాటిన్ మాటకు తాకబడనిది అని అర్థం, ఎంటైర్ దాని నుంచే ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటాక్ట్ కూడా ఆ తాకడమనే ధాతువుదే. దివితీరం గారి కాగుకు, మన ‘చెక్కుచెదరని’కి, ఇంటాక్ట్ తప్ప మరొకటి నాకు తోచడం లేదు. హోల్ అయితే పాత ఇంగ్లీషులో గాయం లేని, ఆరోగ్యంగా ఉన్న అని అర్థమిచ్చే మాట. హీల్, హెల్త్ దాని చుట్టాలే. ముందున్న డబ్ల్యూ 15వ శతాబ్దం ప్రాంతంలో రాతలో చేరింది, ఉచ్చారణలో ఈనాటికీ లేదు. ఫుల్, సంస్కృత ‘పూర్ణ’ ఒకే మూలం నుంచి వచ్చినవని తెలిసిన రోజున నేను ఆ సంగతి తరగతిలో చెప్పకుండా ఉండలేకపోయాను.

దివితీరం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ‘హోల్ విలేజెస్’, ‘త్రీ హోల్ డేస్’, ‘ఆల్ ద రైస్’, కాగుకు ‘ఇంటాక్ట్’ అని దిద్దుకున్నాను. ఇంకొక్క సందేహం మిగిలింది. తాతగారు “తాడిచెట్టంత అల” అన్నారు. దానికి బిగ్, లార్జ్, హ్యూజ్‌లలో ఏది వాడాలి?

అనువాదపు బల్ల

లార్జ్ వద్దు, సంఖ్యకు, పరిమాణానికి, కొలతకు అది బాగుంటుంది గానీ భయానికి పనికిరాదు. నిజానికి ఆ మూడూ అవసరం లేదు. తాతగారు కొలత ఇచ్చేశారు కదా, ‘ఏ వేవ్ యాజ్ టాల్ యాజ్ ఏ పామైరా’ అని ఆయన తాడిచెట్టునే ఉంచండి. అది ఎంత ఎత్తు ఉంటుందో పిల్లలకు ఒక ఫొటో చూపించండి.